ఏవియానిక్స్ చదివితే మా అబ్బాయి ఎలక్ట్రీషియన్‌గా మిగిలిపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. వేసవిలో తెలిసినవారి ద్వారా ఒక ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్ చూసి వచ్చాడు. అప్పటి నుంచి కాక్‌పిట్ లైట్లు, డిమ్మర్లు అంటూ చదువుకునే బల్ల నిండా తీగలు పరుస్తున్నాడు. విమానాల ‘వైరింగ్’ నేర్చుకుంటానని, ఏఎంఈలో (విమానాల నిర్వహణ, మరమ్మతు నేర్పే కోర్సు) బీ2, అంటే ఏవియానిక్స్ (విమానాల్లోని విద్యుత్, ఎలక్ట్రానిక్ వ్యవస్థలు) విభాగం చేస్తానని పట్టుబడుతున్నాడు. బీటెక్ ఏరోనాటికల్ అయితే గౌరవంగా ఉంటుందని నా అభిప్రాయం. రెండింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు వైరింగ్ అన్న మాట చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టారు. అబ్బాయి జీవితాంతం స్క్రూడ్రైవర్ పట్టుకునే పనివాడిగా మిగిలిపోతాడేమో, నలుగురిలో ఏమని చెప్పుకోవాలి అన్న దిగులు నాకు అక్కడే కనిపించింది. ఏటా పరీక్షల ముందు ఇదే దిగులుతో ఎందరో తల్లిదండ్రులు నాకు రాస్తారు. అందుకే ముందు ఆ పని ఏమిటో చెబుతాను.

రాత్రివేళ కాక్‌పిట్‌లో వెలుగు ఎక్కువైతే పైలట్‌కు బయటి రన్‌వే దీపాలు సరిగా కనబడవు, తక్కువైతే ఎదుట ఉన్న మీటరే కనబడదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది కనుక, ఒక్క డిస్‌ప్లే ఒక్కసారిగా కళ్లలో కొట్టినట్టు వెలిగినా ఆ అలవాటంతా పోతుంది. డిమ్మర్ ఉన్నది ఇందుకే. పాత విమానాల్లో ఈ పని రియోస్టాట్ (నిరోధాన్ని పెంచుతూ కరెంటును తగ్గించే పరికరం) చేసేది. దీపాలన్నీ కలిసి 1 ఆంపియర్ తీసుకుంటున్నప్పుడు అది 10 వోల్టులు తగ్గిస్తే, 10 వాట్లు వేడిగా మారి ప్యానెల్ వెనుకే ఉండిపోతాయి. ఇప్పుడు ఆ బల్బుల చోట ఎల్ఈడీలు వస్తున్నాయి. పాత రియోస్టాట్‌ను అలాగే ఉంచి బల్బులు మాత్రం మార్చితే ఏమవుతుందో మీ అబ్బాయిని అడగండి. మొత్తం 20 మిల్లీఆంపియర్లే తీసుకునే ఎల్ఈడీలకు 50 ఓమ్‌ల రియోస్టాట్‌ను చివరిదాకా తిప్పినా తగ్గేది ఒకే ఒక్క వోల్టు. 28 వోల్టుల విమానంలో ఆ తేడా కంటికి తెలియదు. అందుకే కరెంటును క్షణంలో వందల సార్లు వేస్తూ తీస్తూ వెలుగు తగ్గించే పద్ధతి వచ్చింది. ఆ కరెంటు వెళ్లే తీగను ఆడియో తీగల పక్కన లాగితే పైలట్ హెడ్‌ఫోన్‌లో సన్నగా రొద వినిపిస్తుంది. దాన్ని వేరే దారిలో తీసుకువెళ్లడం, షీల్డ్‌ను (తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగును) సరైన చోట గ్రౌండ్ చేయడం, చూడటానికి అన్నీ తెల్లగానే ఉండే తీగలను వాటిమీద అచ్చువేసిన నంబర్లను బట్టి గుర్తించడం, ఇవన్నీ వైరింగే. సెస్నా 172 అనే చిన్న విమానంలో మీటర్ల బదులు ఉండే గార్మిన్ జీ1000 తెరలకు డిమ్మర్ నాబ్‌ను పూర్తిగా ఆఫ్‌కు తిప్పితే తెర ఆరిపోదు, వెలుగును ఫోటోసెల్ (చుట్టూ ఉన్న వెలుతురును పసిగట్టే భాగం) చూసుకుంటుంది. ఈ సంగతి తెలియకుండా తీగ పట్టుకున్నవాడు లేని లోపం కోసం పూటంతా వెతుకుతాడు.

చిన్న దీపం కదా అనుకోకండి. 1972 డిసెంబరు 29న అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ముందు చక్రం దిగిందని చూపే దీపం కాలిపోయింది. సిబ్బంది అంతా దాని మీదే దృష్టి పెట్టి, విమానం నెమ్మదిగా కిందికి జారుతున్న సంగతి గమనించలేదు. 101 మంది చనిపోయారు.

ఇక బీటెక్ ఏరోనాటికల్ గురించి నా సందేహాలు దాచుకోను. పేరు వినగానే విమానం కళ్ల ముందు కదులుతుంది కాబట్టి ఆ సీట్లకు గిరాకీ ఉంది. అయితే అందులో ఎక్కువ భాగం గాలి ప్రవాహం, నిర్మాణం, ఇంజన్ల సిద్ధాంతమే. మీ అబ్బాయికి ఇష్టమైన ఏవియానిక్స్ చాలాచోట్ల ఒకటి రెండు పేపర్లతో సరి. పైగా ఆ డిగ్రీతో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్స్ రాదు, విమానానికి మరమ్మతు చేసి, ఇక ఎగరవచ్చని సంతకం పెట్టే హక్కూ రాదు. నా దగ్గరకు వచ్చిన ఏరోనాటికల్ పట్టభద్రుల్లో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎలా వెతుక్కోవాలని అడిగినవారే. నలుగురికీ చెప్పుకోవడానికి బాగుంటుందని పిల్లవాడి నాలుగేళ్లు అక్కడ పెట్టించడం, కోపగించుకోకండి, మీ గౌరవం కోసం వాడి చేత అప్పు చేయించడమే. డిమ్మర్‌ను, డిస్‌ప్లేను స్వయంగా రూపొందించాలని వాడు కోరుకుంటే ఈసీఈ చేయించండి. బాలానగర్‌లోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) ఏవియానిక్స్ విభాగం వంటి చోట్లకు ఆ చదువు దగ్గరి దారి.

విమానం దగ్గరే నిలబడి పని చేయాలని ఉంటే బీ2 సరైనది. అందులోనూ కష్టాలున్నాయి. కోర్సు ముగిసినంత మాత్రాన లైసెన్స్ చేతికి రాదు, విమానాలపై చేసిన పని లాగ్‌బుక్‌లో చూపాలి. ఆ తర్వాత కూడా టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానానికి విడిగా పొందే అర్హత), పనిచేసే సంస్థ ఇచ్చే అనుమతి ఉంటేనే సంతకం చెల్లుతుంది. మొదటి ఏళ్లలో జీతం తక్కువ, రాత్రి షిఫ్టులు ఎక్కువ. ఓపిక పట్టినవారికి శంషాబాద్ మరమ్మతు కేంద్రాల వంటి చోట పని దొరుకుతుంది, వయసుతోపాటు విలువా పెరుగుతుంది. ఫీజు కట్టేముందు ఆ కళాశాలకు సీఏఆర్-147 (ఏఎంఈ శిక్షణ సంస్థలకు వర్తించే డీజీసీఏ నిబంధన) ఆమోదం బీ2కు ఉందో లేదో డీజీసీఏ జాబితాలో మీరే చూడండి. బీ1కు (ఇంజన్లు, మెకానికల్ విభాగం) మాత్రమే ఆమోదం ఉన్నవీ ఉంటాయి.

మీరు భయపడాల్సిన పిల్లవాడు కాదు. చెప్పకుండానే తీగ పట్టుకుని ఎందుకు వెలగలేదో వెతికే పిల్లలు నాకు ఏడాదికి ఇద్దరు ముగ్గురికి మించి కనబడరు. ఈ సాయంత్రం ఆ బల్ల దగ్గర కూర్చుని, వాడు చేసిన డిమ్మర్ బొమ్మను కాగితం మీద గీసి వివరించమనండి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాడా, ఆ తీగ ఎంత కరెంటు మోయగలదో చూసి పెట్టాడా అని అడగండి. పెట్టకపోతే రేపే కొని తెచ్చి ఇవ్వండి. 12 వోల్టులే అయినా తీగ కాలడానికి అది చాలు.