సముద్రం చదువుతానంటోంది, చదివించొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. కంప్యూటర్స్ వద్దు, ఓషనోగ్రఫీ చేస్తానంటోంది. సముద్రం లేని ఊళ్లో పుట్టి ఈ పిచ్చేమిటో! ఉద్యోగాలుంటాయా?

జవాబు: సముద్రంతో మీకు పనిలేదనుకుంటున్నారు గానీ, యార్డుకొచ్చే మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క కొంత పెరూ తీరంలోనే తేలుతుందండీ. అక్కడ గాలులు పై నీటిని పడమరకు తోసేస్తుంటే, అడుగునుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. దాన్నే అప్‌వెల్లింగ్ అంటారు. ఆ నీళ్లతో పోషకాలూ వస్తాయి కాబట్టే అక్కడ ఆంకోవీ చేపలు అంత విరివిగా పడతాయి. కొన్నేళ్లకోసారి గాలులు మెత్తబడతాయి. వేడి నీరు తూర్పుకు మళ్లుతుంది, వానలు పడే చోటు మారిపోతుంది. అదే ఎల్ నినో. 2015, 2023 రెండూ ఎల్ నినో ఏళ్లే. 2015లో మన నైరుతి వానలు సగటులో 86 శాతమే. 1901 నుంచి చూస్తే 2023 ఆగస్టంత పొడి ఆగస్టు లేదు. మిరప నాటే రోజులవి. అప్పుడు మీ రైతుల నుంచి ఎన్ని ఫోన్లొచ్చాయో మీకే తెలుసు.

అలాగని ఎల్ నినో అంటే కరువు ఖాయమనీ కాదు. 1997లో చాలా బలంగా వచ్చినా మన దగ్గర వానలు మామూలుగానే పడ్డాయి. ఎందుకలా? ఇలాంటి ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చోవడమే ఈ చదువు.

అమ్మాయికి సరిపడుతుందో లేదో చూడ్డానికి ఓ పని చెప్పండి. గాజు గ్లాసులో సగం దాకా బాగా ఉప్పు కలిపిన నీళ్లు పోసి, చెంచా మీదుగా రంగు కలిపిన మంచినీళ్లు మెల్లగా జారవిడవమనండి. రంగు నీళ్లు పైనే తేలతాయి. బంగాళాఖాతంలో జరిగేదీ ఇదే. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, హంసలదీవి దగ్గర కలిసే మన కృష్ణ తెచ్చిపోసే నీరు పైన మూతలా పరుచుకుంటుంది. అడుగు చల్లదనం పైకి రావడం కష్టమవుతుంది. వేడిగా ఉండిపోయిన ఆ పై నీరే తుఫాన్లకు మేత. చూసి ‘భలే ఉంది’ అని లేచి వెళ్లిపోతే సరే. ఉప్పు తగ్గిస్తే? పైనుంచి ఊదితే? అంటూ గ్లాసు వదలకపోతే మాత్రం ఆమెను ఆపకండి.

నాకు అనుమానం ‘కంప్యూటర్స్ వద్దు’ అన్న మాట దగ్గరే. ప్రపంచమంతా సముద్రాల్లో ఆర్గో ఫ్లోట్లనే పరికరాలు తేలుతుంటాయి. పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ వేడినీ ఉప్పదనాన్నీ కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ఆ అంకెల గుట్టతో కుస్తీ పట్టాలంటే ఫిజిక్సు, లెక్కలతో పాటు కోడింగూ రావాలి. పడవెక్కేది ఎప్పుడో ఒకసారి.

బీఎస్సీ తర్వాత విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనో, కొచ్చిలోని కుసాట్ యూనివర్సిటీలోనో ఎంఎస్సీ చేయొచ్చు. బీటెక్ చేసినవాళ్లకూ ఈ తలుపు మూసుకోదు. తర్వాత హైదరాబాద్ ఇన్‌కాయిస్, గోవా ఎన్ఐఓ, పుణె ఐఐటీఎం లాంటి సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఉన్నమాట చెప్పాలంటే పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ దాకా వెళ్లాలంటే ఇంటర్ నుంచి పదేళ్లు. మధ్యలో సంబంధాలు చూడ్డం మొదలుపెట్టకండి, ఇది మీకే చెబుతున్నా.

ఈఏపీసెట్ మాత్రం మాననివ్వకండి. సైన్స్ చదువులకు పేరున్న కేంద్ర విద్యాసంస్థలు ఐసర్ల ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. నిర్ణయం ర్యాంకులొచ్చాక. ఈలోపు, పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో పైథాన్ అనే కోడింగ్ భాష నేర్చుకోమనండి.