హైవే ఎక్కితే కారు అటూ ఇటూ పోతోందా?

ప్రశ్న: నా చిన్న హ్యాచ్‌బ్యాక్ 72 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో బాగానే ఉంటుంది. విజయవాడ హైవే మీద 80 దాటితే మాత్రం ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతుంది. స్టీరింగ్ సరిచేస్తూనే ఉండాలి. రెండుసార్లు అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాను. ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించాను. అయినా తేడా లేదు.
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మూడోసారి అలైన్‌మెంట్‌కు అప్పుడే వెళ్లకండి. స్టీరింగ్ వణుకుతుంటే బ్యాలెన్సింగ్ చూడాలి. బండి ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంటే టైరునో, పట్టేసిన బ్రేకునో, అలైన్‌మెంట్‌నో అనుమానించాలి. మీ బండిలా రెండు వైపులా పోతుందంటే ఎక్కువగా ఏదో జాయింటు లూజై ఉంటుంది, లేదా తేలిగ్గా తిరగాల్సింది బిగుసుకుని ఉంటుంది. లూజు జాయింటు మీద పెట్టిన అలైన్‌మెంట్ అంకెలు షెడ్డు గేటు దాటేదాకా కూడా నిలవవు.

ముందు గాలి చూడండి. ఉదయం బండి తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. చాలా చిన్న కార్లకు 30-33 పీఎస్ఐ ఉంటుంది కానీ, డ్రైవర్ డోరు దగ్గర అతికించిన స్టిక్కర్‌లోని అంకెనే పాటించండి. వెనక టైర్లలో గాలి తగ్గినా వెనక భాగం ఊగుతుంది, డ్రైవర్‌కు అది స్టీరింగ్ తప్పులాగే అనిపిస్తుంది. కొత్త టైర్లు ముందు వేసి, అరిగినవి వెనక ఉంచారు కదా, వాటిని తారుమారు చేయండి. వానలో వెనక చక్రాలు జారితే బండిని అదుపు చేయడం చాలా కష్టం. అందుకే మంచి టైర్లు వెనకే ఉండాలి. ముందునుంచి తీసిన పాత టైర్లు ఇంకా ఉంటే ట్రెడ్ మీద అడ్డంగా అరచెయ్యి రాయండి. ఒక వైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు అంచులు గీరుకుంటున్నట్లు తగిలితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పిందని అర్థం.

తర్వాత ప్లే, అంటే జాయింట్లలో లూజు. ఈ పరీక్షకు ఇద్దరు కావాలి. బండిని పిట్ మీద గానీ ర్యాంపు మీద గానీ, చక్రాలు ఆని ఉండేలా పెట్టించండి. ఇంజన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఒకరు స్టీరింగ్‌ను ఎడమకు కుడికి రెండేసి అంగుళాలు ఆడించాలి. కింద ఉన్న మనిషి టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చక్రం దగ్గర కలిసే జాయింటు) మీద వేలు పెట్టి చూడాలి. అరిగితే టిక్కుమని తగులుతుంది. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి చక్రాలను తిప్పే అడ్డకడ్డీ) చివర ఉండే జాయింటు, అంటే ర్యాక్ ఎండ్, రబ్బరు బూట్ లోపల ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు, బూట్‌ను నొక్కి పట్టుకుంటే ఆ కదలిక తెలుస్తుంది. ర్యాక్‌ను పట్టి ఉంచే బుష్‌లూ (రబ్బరు తొడుగులు), స్టీరింగ్ కాలమ్ కింది జాయింటూ అప్పుడే చూసేయండి.

ఇక జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి (ఒక్క జాకీ మీదే ఉన్న బండి కిందికి తల కూడా పెట్టవద్దు) చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపండి. కదిలితే టై రాడ్ వైపు లోపం. పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు కదిలితే బేరింగో, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు బండికి పట్టి ఉంచే చేయి) చివరి బాల్ జాయింటో. ఒకరిని బ్రేక్ తొక్కమనండి. కదలిక ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ను టైర్ లివర్‌తో కదిపి రబ్బరు చిరిగిందేమో చూడాలి. ఎక్సలేటర్ నొక్కితే ఒక వైపు, వదిలితే మరో వైపు పోతుంటే మొదటి అనుమానం దీనిమీదే. కొత్త బుష్ వేశాక ఆ బోల్టును చక్రాలు నేలకు ఆని, బండి బరువు పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. చాలా షెడ్లలో ఈ తప్పు జరుగుతుంది, దగ్గరుండి చూసుకోండి.

ఎక్కడా లూజు లేదా? అయితే బిగుతు చూడండి. ఖాళీ మైదానంలో 15-20 వేగంతో తిప్పి, పట్టు సడలించండి. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావాలి. రాకపోతే స్ట్రట్ (ముందు చక్రం స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) పైన ఉండే బేరింగ్ గానీ, తుప్పుపట్టిన కాలమ్ జాయింటు గానీ, ప్లే పోవాలని అతిగా బిగించిన ర్యాక్ స్క్రూ గానీ కారణం. బిగుసుకున్న స్టీరింగ్ ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది, అందుకే ప్రతిసారీ మీరు సరిచేయాల్సి వస్తుంది.

ఇవన్నీ సరిచేశాకే అలైన్‌మెంట్. ప్రింట్‌లో టో ఒక్కటే కాదు, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) అంకెలు కూడా అడిగి తీసుకోండి. చాలా చిన్న కార్లలో క్యాస్టర్ మార్చే వీలుండదు. అది తేడాగా వస్తే లోయర్ ఆర్మ్ వంగిందేమో, సబ్‌ఫ్రేమ్ (ఆ ఆర్మ్‌లు బిగించే చట్రం) జరిగిందేమో వెతకాలి.

ప్రశ్న: 165/80 ఆర్14 టైర్లు తీసేసి, బయట కొన్న అల్లాయ్ రిమ్ములతో 185/65 ఆర్15 వేయించాను. లారీల గాడి మీదికి వెళ్లగానే కారు దానివెంటే పోతోంది. అలైన్‌మెంట్ సరిగ్గానే ఉంది.
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: వెడల్పు పెరిగి, పక్క గోడ పొట్టిదైన టైరు రోడ్డులోని గాడిని అనుసరిస్తుంది. అల్లాయ్ వెనక ఈటీ అని, చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే ఒక అంకె ఉంటుంది. పాత రిమ్ముకన్నా అది బాగా తక్కువైతే చక్రం బయటికి జరిగినట్లే, అప్పుడు గాడి లాగుడు ఇంకా పెరుగుతుంది. గాలి తగ్గించి సర్దుకోవాలని చూడకండి. పాత రిమ్ములూ టైర్లూ ఉంటే నాలుగూ తిరిగి బిగించి, అదే రోడ్డు మీద నడిపి చూడండి.