బటన్ నొక్కినా లెక్క ఒకటి దగ్గరే ఆగిపోతుంటే

తిరుపతి

చిరంజీవి హరికి,

దామలచెరువు మండీలో మీ నాన్న మామిడి పెట్టెలు లెక్కపెట్టుకునేందుకు నువ్వు టికింటర్‌లో (పైథాన్ భాషలో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) రాసిన ప్రోగ్రామ్ చూశాను. విండో తెరవగానే లెక్క చూపించే లేబుల్ మీద 1 అని ఉంటోంది, ఆ తర్వాత బటన్ ఎంత నొక్కినా ఆ 1 కదలడం లేదు. బటన్‌లో లోపమేమీ లేదు. ఇందులో రెండు తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

మొదటిది, బటన్‌కు నువ్వు 'కమాండ్=కలుపు()' అని ఇచ్చావు. 'కలుపు' అంటే లెక్కను ఒకటి పెంచే నీ ఫంక్షన్. బ్రాకెట్లు పెడితే పైథాన్ ఆ లైను దగ్గరికి రాగానే ఫంక్షన్‌ను నడిపేస్తుంది. నీ ఫంక్షన్ ఏమీ తిరిగివ్వదు కాబట్టి బటన్ చేతికి 'నన్', అంటే ఏమీ లేదన్న విలువ, వస్తుంది. విండో రాకముందే 1 పడడానికీ, నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడానికీ కారణం ఇదే. బ్రాకెట్లు తీసేసి 'కమాండ్=కలుపు' అని పేరు మాత్రం ఇవ్వు. నొక్కినప్పుడు పిలిచే పని టికింటర్ చూసుకుంటుంది.

అది సరిచేశాక మొదటి నొక్కుకి 1 వస్తుంది, రెండో నొక్కుకీ 1 వస్తుంది. 'లెక్క = 0' అన్న లైను ఫంక్షన్ లోపల ఉంది కదా, నొక్కిన ప్రతిసారీ కొత్త లెక్క పుట్టి, ఫంక్షన్ ముగియగానే పోతుంది. సరే, ఆ లైను బయట పెడతావు. అప్పుడు 'లెక్క = లెక్క + 1' దగ్గర అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్ వస్తుంది. చాలామంది బెదిరిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదువు. ఒక ఫంక్షన్‌లో ఎక్కడైనా ఒక పేరుకు విలువ కేటాయిస్తే, ఆ ఫంక్షన్ మొత్తానికీ ఆ పేరు లోపలిదేనని పైథాన్ నడపకముందే తేల్చేసుకుంటుంది. కేటాయింపు ఆఖరి లైనులో ఉన్నా సరే, మొదటి లైనులో ఆ పేరును చదవబోతే ఇదే ఎర్రర్. బయటి లెక్కనే మార్చాలంటే ఫంక్షన్ మొదట్లో 'గ్లోబల్ లెక్క' అని రాయాలి. విండో అంతా ఒక పెద్ద ఫంక్షన్ లోపల కట్టి, లెక్క కూడా అక్కడే ఉంటే గ్లోబల్ పనిచేయదు, 'నాన్‌లోకల్ లెక్క' అనాలి.

నన్నడిగితే నీ పనికి ఈ రెండూ వద్దు. ఎలాగూ రకాలవారీగా లెక్క కావాలి కాబట్టి బయట ఒక డిక్షనరీ (ఒక్కో పేరుకు ఒక్కో విలువను జతచేసి ఉంచేది) పెట్టుకో: తోతాపురి, బేనీషా, నీలం, మూడింటికీ 0. ఫంక్షన్ లోపల 'పెట్టెలు[రకం] += 1' అంటే గ్లోబల్ లేకుండానే నడుస్తుంది. ఎందుకంటే 'పెట్టెలు' అన్న పేరును నువ్వు మార్చడం లేదు, ఆ పేరున్న డిక్షనరీ లోపలి విలువను మారుస్తున్నావు. లెక్క మారినంత మాత్రాన లేబుల్ దానంతటది మారదు, వెంటనే 'కాన్ఫిగ్'తో కొత్త టెక్స్ట్ ఇవ్వాలి.

మూడు బటన్లను లూప్‌లో పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. 'లాంబ్డా: కలుపు(రకం)' అని రాస్తే (లాంబ్డా అంటే పేరు లేని చిన్న ఫంక్షన్) మూడు బటన్లూ నీలం లెక్కనే పెంచుతాయి. లాంబ్డా విలువను దాచుకోదు, పేరునే గుర్తుపెట్టుకుని, నొక్కినప్పుడు వెళ్లి చూస్తుంది. అప్పటికి లూప్ ఎప్పుడో ముగిసి 'రకం'లో ఆఖరి పేరు మిగిలి ఉంటుంది. 'లాంబ్డా ర=రకం: కలుపు(ర)' అని రాయి. డిఫాల్ట్ విలువ లాంబ్డా తయారయ్యేటప్పుడే లెక్కకొస్తుంది కాబట్టి ఏ బటన్ విలువ దానికి అతుక్కుంటుంది. మండీలో ఇది తప్పితే బేనీషా పెట్టెలు నీలం ఖాతాలో పడతాయి, ధర దగ్గర గొడవవుతుంది. ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఎవరూ పసిగట్టలేరు.

బటన్ మీద పండు బొమ్మ పెట్టాలని రాశావు. బొమ్మను పట్టుకునే ఫోటోఇమేజ్‌ను ఫంక్షన్ లోపలి వేరియబుల్‌లో ఉంచితే ఫంక్షన్ ముగియగానే బొమ్మ మాయమై ఖాళీ బటన్ మిగులుతుంది. 'బటన్.ఇమేజ్ = బొమ్మ' అని దాని రిఫరెన్స్ నిలిపి ఉంచు.

ఫైలును డబుల్ క్లిక్ చేయకుండా టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) నుంచి నడుపు. బటన్ ఫంక్షన్‌లో ఎర్రర్ వచ్చినా విండో మూసుకుపోదు, ఆ సందేశం టెర్మినల్‌లో మాత్రమే పడుతుంది. తోతాపురి మూడుసార్లు, బేనీషా రెండుసార్లు, నీలం ఒకసారి నొక్కి లేబుల్ చూడు. 3, 2, 1 వస్తేనే నాన్న చేతికివ్వు.

ఇట్లు,
మీ మామయ్య