నీ కాళ్ల దగ్గరే చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న అక్క ఫోన్ చేసింది. చేపలు పట్టడానికి రాడ్డూ రీలూ కొన్నావట, మూడు శనివారాలు లూయిస్‌విల్ లేక్ గట్టున ఎండలో నిలబడ్డావట, ఒక్క బాస్ చేప కూడా తగల్లేదట. "ఇప్పుడు పడవ కొంటానంటున్నాడు, నువ్వైనా చెప్పరా" అంది. పడవ జోలికి అప్పుడే పోకు. ఇన్నేళ్లుగా టెక్సస్ చెరువుల్లో నేను పట్టిన బాస్‌లో ముప్పాతిక వంతు నేల మీద నిలబడి పట్టినవే.

నా తప్పే నువ్వూ చేస్తున్నావని నా అనుమానం. ఈ దేశం వచ్చిన కొత్తలో ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అనుకునేవాణ్ని. నీళ్ల అంచుకి వెళ్లి నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నడి చెరువులోకి విసిరేవాణ్ని. ఒక వేసవి మొత్తం అలాగే పోయింది. ఒక సాయంత్రం పక్కనే చేపలు పడుతున్న ముసలాయన నన్ను చూసి, పది అడుగులు వెనక్కి రమ్మన్నాడు. వచ్చాను. కాసేపు ఇద్దరం ఊరికే నిలబడ్డాం. తర్వాత ఆయన, అంతవరకూ నేను నిలబడ్డ చోటే, ఒడ్డుకి రెండడుగుల దూరంలో ఒక రాతి పక్కన రబ్బరు వానపాముని చప్పుడు లేకుండా జారవిడిచాడు. లైను మెల్లగా పక్కకి నడిచింది. రెండు పౌన్ల బాస్! నా బూట్ల చప్పుడుకి పక్కకి తప్పుకుని, నేను వెనక్కి రాగానే మళ్లీ తన చోటికి వచ్చేసింది.

కొల్లేటి పక్కన పుట్టినవాణ్ని, ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది. కొరమీను ఎక్కడుంటుంది? నడి నీటిలో కాదు, గట్టు వార తుంగలో, గుర్రపుడెక్క కింద మాటు వేసి ఉంటుంది. బాస్ గుణమూ అదే. వెంటపడి వేటాడటం కన్నా నీడలో ఆగి, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్క ఉదుటున నోట్లోకి లాక్కోవడమే దానికిష్టం. అది తినే కప్పలు, రొయ్యలాంటి క్రాఫిష్, బ్లూగిల్ అనే చిన్న చేప పిల్లలు అన్నీ ఒడ్డు వారనే కదా ఉండేది. పడవ వాళ్లు ఎంతో దూరం నుంచి వచ్చి, అంత ఖర్చు పెట్టుకుని, చివరికి విసిరేది నువ్వు నిలబడ్డ ఈ గట్టు వైపే. ఈసారి గమనించు.

అందుకని నీళ్ల దగ్గరికి దొంగలా వెళ్లాలి. ఒడ్డుకి ఆరేడు అడుగుల ముందే ఆగు. నీ నీడ నీళ్ల మీద పడకూడదు. మొదటి విసురు గట్టు వెంబడి కుడి వైపుకి, రెండోది ఎడమకి, ఎర అంచు పక్కనే నడిచి రావాలి. ఆ తర్వాత కొంచెం ఏటవాలుగా. లోపలికి విసరడం అన్నిటికన్నా చివర. పది విసుర్లు వేసినా ఏమీ లేకపోతే పాతిక అడుగులు జరుగు. కుర్చీ వేసుకుని కూర్చోవడం క్యాట్‌ఫిష్‌కి పనికొస్తుంది. బాస్‌ని మాత్రం నడిచి వెతుక్కోవాలి. అందుకే పెద్ద పెట్టె మోయొద్దు, భుజానికి ఒక చిన్న సంచి చాలు.

ఎక్కడ వెతకాలంటావా? ఒకే రకంగా సాగిపోతున్న ఒడ్డులో ఏదైనా తేడా కనిపించిన చోట. వంతెనల కింద పోసిన రాళ్లు, పడిపోయిన చెట్టు, గడ్డి ముగిసే అంచు, చిన్న వాగు వచ్చి కలిసే మూల. లూయిస్‌విల్, రే రాబర్ట్స్ రెండూ కట్టిన జలాశయాలు, వరద ఆపడం కూడా వాటి పని. వసంతంలో గట్టి వాన పడితే నీటిమట్టం పెరిగి ఒడ్డున పొదలు మునుగుతాయి, బాస్ ఆ పొదల్లోకే వచ్చేస్తుంది. అలాంటి వారం దొరికితే ఆఫీసుకి సెలవు పెట్టు. గాలి ముఖానికి కొడుతున్న ఒడ్డు చిరాగ్గా ఉంటుంది, అయినా అక్కడే నిలబడు. చిన్న చేపలు గాలివాటుకి అక్కడికే చేరతాయి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ఏడడుగుల మీడియం రాడ్డు, మామూలు స్పిన్నింగ్ రీలు, పది పన్నెండు పౌన్ల బరువు ఆపే లైను, 3/0 సైజు వంపు గేలాలు, తూటా ఆకారం బరువులు, ఐదారు అంగుళాల రబ్బరు వానపాములు. నీళ్లు బురదగా ఉంటే నలుపు నీలం రంగు, తేటగా ఉంటే ముదురు ఆకుపచ్చ.

ఎర గుచ్చడం మాత్రం నిదానంగా నేర్చుకో. ముందు లైనుకి బరువు ఎక్కించి, దాని మొన రాడ్డు వైపు ఉండాలి, తర్వాత గేలం కట్టు. ముడి బిగించే ముందు నోట్లో పెట్టి తడుపు. పొడి లైను రాపిడికి వేడెక్కి ముడి దగ్గరే తెగుతుంది. వానపాము తలలోకి గేలం మొనని పావు అంగుళం దింపి పక్కకి తీయి. గేలం కన్ను దాకా జరుపు, అర చుట్టు తిప్పు, మొనని మళ్లీ ఒంట్లోకి దాచెయ్యి. ఇప్పుడు పట్టుకుని వేలాడదీస్తే వానపాము నిటారుగా ఉండాలి. ఎక్కడైనా గూనిలా ముడుచుకుంటే తీసి మళ్లీ గుచ్చు. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి లైనుని మెలిపెట్టేస్తుంది. దీన్ని టెక్సస్ రిగ్ అంటారు. మొన దాగి ఉంటుంది కాబట్టి కొమ్మల్లోకి విసిరినా అంతగా తగులుకోదు.

విసిరాక అడుగుకి దిగనివ్వు. చాలాసార్లు దిగుతున్నప్పుడే పట్టేస్తుంది, అందుకని చెయ్యి కన్నా కన్ను లైను మీద ఉండాలి. దిగాక రాడ్డు కొన కొంచెం ఎత్తు, మళ్లీ దించు, వదులైన లైను చుట్టుకో. బాస్ పడితే పెద్ద గుంజుడు ఉంటుందని ఎదురు చూడకు. వేలితో అద్దాన్ని తట్టినట్టు ఒక్క చిన్న తాకిడి, అంతే. ఒక్కోసారి అదీ ఉండదు, లైను పక్కకి నడుస్తుంది, లేదా ఉన్నట్టుండి బరువు తెలియదు. అప్పుడు కంగారు పడకు. వదులు చుట్టి, రాడ్డు కొన దించి, ఒక్కసారి గట్టిగా పైకి లాగు.

వేసవిలో మధ్యాహ్నం వెళ్లడం నీ రెండో తప్పు. తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక వెళ్లు. ఉత్తరాది చలిగాలి దిగేముందు మబ్బు కమ్మిన రోజు చాలా మంచిది. గాలి దాటిపోయి ఆకాశం నీలంగా మెరిసే మర్నాడు బాస్ మొండికేస్తుంది.

వసంతంలో నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక లోతు తక్కువ చోట గూళ్లు కడతాయి. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, మగది కాపలా కాస్తుంది. కొరమీను తన ఎర్రటి పిల్లల గుంపుని కాచుకోవడం చూశాను కాబట్టి గూడు మీది చేపని పట్టడానికి నాకు మనసొప్పదు. నువ్వూ పట్టకు. అనుకోకుండా తగిలితే ఆ చోటనే వెంటనే వదిలెయ్యి.

పట్టిన బాస్‌ని కింది పెదవి దగ్గర బొటనవేలితో పట్టుకో. పళ్లు గుచ్చుకోవు, ఉప్పుకాగితంలా గరుగ్గా ఉంటాయి. బరువైనదైతే రెండో చెయ్యి పొట్ట కింద పెట్టు, దవడ మీద వేలాడదీయకు. చేతులు తడిపి మరీ ముట్టుకో, ఒంటి మీది జిగురే దానికి రక్ష. ఒకసారి ఏమరుపాటున ఉన్నాను, చేప గేలాన్ని గొంతులోకి మింగేసింది. గేలం వదులుకోలేక పీకాను. నీళ్లలో వదిలితే వెల్లకిలా తేలింది. ఆ పని ఇప్పటికీ బాధపెడుతుంది. లోతుగా దిగితే లైను కోసి వదిలెయ్యి, గేలం పోతే పోయింది.

1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌ని ఆ ఇంట్లో వండుకు తిన్నారంటారు. అది కరువు రోజుల్లో బతుకు. మనకా అవసరం లేదు. తినాలనిపిస్తే సాండ్ బాస్ అనే వేరే రకం చేప తెచ్చుకో, పులుసుకి అదే బావుంటుంది.

లైసెన్సు లేకుండా గట్టు ఎక్కకు. పదిహేడేళ్లు నిండిన వాళ్లకి కావాలి, మామూలుగా ఆగస్టు 31తో గడువు ముగుస్తుంది. నువ్వు వచ్చి ఆరు నెలలు కాలేదు కదా, స్థానికుల ధర నీకు రాదు. అయితే స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి పడితే లైసెన్సు అక్కర్లేదు, ప్రవేశ రుసుము చాలు. బాస్ ఉంచుకోవాలంటే మామూలుగా 14 అంగుళాలు ఉండాలి, రోజుకి ఐదు. లేక్ ఫోర్క్‌లో లెక్క వేరు, 16కి 24కి మధ్యవి వదిలెయ్యాలి. ఏ చెరువుకి వెళ్లినా ముందు దాని నియమం చదువుకో.

గడ్డిలో కాలు పెట్టేముందు చూసుకో. మంటచీమల పుట్టలుంటాయి, నీటివార కాటన్‌మౌత్ అనే విషపు పాములుంటాయి. తెగిన లైను ముక్కలు జేబులో వేసుకో, కొంగల కాళ్లకి చుట్టుకుంటాయి.

వచ్చే శనివారం రే రాబర్ట్స్ స్టేట్ పార్కుకి రా, ఆరింటికల్లా గేటు దగ్గర ఉంటాను. పాపని కూడా తీసుకురా. దానికి బెండు కట్టిన చిన్న గేలం, డబ్బాలో వానపాములు నేను తెస్తాను, బ్లూగిల్ పట్టుకుంటుంది. నువ్వు మాత్రం చేపల కంట పడేలా తెల్ల చొక్కా వేసుకురాకు.

మీ మామయ్య