హద్దు వంద మీటర్లు జరిగితే? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఇంగ్లండ్ కౌన్సిళ్ల డిజైన్ కోడ్ డేటా గురించే. అక్కడి ప్లానింగ్ విభాగాల్లో పనిచేసే మనవాళ్లూ రాశారు, హైదరాబాద్‌లో కూర్చుని వాళ్లకు మ్యాపులు చేసిపెట్టేవాళ్లూ రాశారు. తెలియనివారికి ఒక్కమాట: కొత్త కట్టడం ఎంత ఎత్తు ఉండాలి, వీధి నుంచి ఎంత వెనక్కి జరగాలి, గోడకు ఏ ఇటుక వాడాలి అని కొలతలతో చెప్పే నిబంధనల పుస్తకమే డిజైన్ కోడ్. అక్కడి ప్రభుత్వం 2021 జులైలో నమూనా కోడ్ విడుదల చేసింది. ప్లానింగ్ డేటా ఏ తీరులో ఉండాలో నిర్దేశించే అధికారాన్ని 2023 నాటి లెవెలింగ్ అప్ అండ్ రీజనరేషన్ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది.

మా కోడ్ 140 పేజీల పీడీఎఫ్. దాన్ని డేటాగా పెట్టమంటున్నారు. నిబంధనలన్నీ టేబుల్‌లోకి ఎక్కించాలా? (మిడ్‌లాండ్స్ నుంచి ఒక పాఠకురాలు)

అక్కర్లేదండీ, ముందు రెండు టేబుళ్లు చాలు. ఒకటి కోడ్‌కు: ఒక్కో కోడ్‌కు ఒక వరుస. రెండోది ఆ కోడ్ వర్తించే ప్రాంతాలకు: ఒక్కో ప్రాంతానికి ఒక వరుస. రెండో టేబుల్ ప్రతి వరుసలోనూ ఆ ప్రాంతం ఏ కోడ్‌కు చెందిందో దాని రిఫరెన్స్ (గుర్తింపు సంకేతం) ఉండాలి. టౌన్ సెంటర్‌కు ఒక రకం నియమాలు, సబర్బ్‌కు ఇంకో రకం అయితే అవి రెండు వరుసలు. ఒకే రకం నియమాలున్న సబర్బ్ ఊరికి అటొక ముక్క, ఇటొక ముక్కగా ఉంటే మాత్రం ఒకే వరుస రాసి మల్టీపాలిగన్‌గా, అంటే విడి ముక్కలన్నీ కలిపిన ఒకే ఆకారంగా ఇవ్వండి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది రిఫరెన్స్. 'డీసీ01' లాంటి పొట్టిది చాలు, కానీ ఒకసారి ఇచ్చాక మార్చకూడదు. జీఐఎస్ (మ్యాపులు గీసే) సాఫ్ట్‌వేర్ దానంతట అది వేసే వరుస సంఖ్యను రిఫరెన్స్‌గా వాడేవాళ్లు చాలామంది. లేయర్‌ను (మ్యాపు పొరను) మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ సంఖ్య మారిపోవచ్చు. అప్పుడు నిన్నటి టౌన్ సెంటర్ ఇవాళ సబర్బ్ అయి కూర్చుంటుంది.

డాక్యుమెంట్ లింకు కింద కౌన్సిల్ హోమ్ పేజీ ఇవ్వకండి. ఆ కోడ్ గురించే ఉన్న పేజీ ఇవ్వండి. అన్ని కోడ్‌లూ ఒకే పేజీలో ఉంటే, నేరుగా ఆ శీర్షిక దగ్గర తెరుచుకునే లింకు ఇవ్వాలి.

క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో హద్దును బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ (బ్రిటన్ మ్యాపుల మీటర్ల లెక్క) నుంచి డబ్ల్యూజీఎస్84 (జీపీఎస్ వాడే డిగ్రీల లెక్క)కి మార్చాం. హద్దు రోడ్డు దాటి అవతలి ఇళ్ల మీద పడుతోంది. (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

ఎంత జరిగిందో ముందు కొలవండి. కొలత తెలిస్తే జబ్బు తెలిసినట్టే.

సుమారు 100 మీటర్లు జరిగితే డేటమ్ (కొలతల పునాది) మార్పు అసలు జరగలేదని అర్థం. బ్రిటన్ గ్రిడ్ పునాది, జీపీఎస్ పునాది వేరువేరు. మధ్యలో మార్పిడి సూత్రం లేకుండా డిగ్రీల్లోకి తిప్పితే ఆ తేడా అలాగే మిగిలిపోతుంది. కొద్ది మీటర్లే జరిగితే మార్పిడి జరిగింది, కానీ ముతక సూత్రంతో జరిగింది. దేశం మొత్తానికీ కలిపి ఏడు సంఖ్యలతో లెక్కకట్టే హెల్మర్ట్ పద్ధతి ఇంతకన్నా దగ్గరకు రాదు. బ్రిటన్ జాతీయ మ్యాపు సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే ఇచ్చే ఓఎస్‌టీఎన్15 గ్రిడ్ ఫైల్ వాడాలి. క్యూజీఐఎస్ మార్పిడి అడిగే పెట్టెలో అది ఎంచుకోవడానికి వీల్లేకుండా ఉంటే ఆ ఫైల్ మీ కంప్యూటర్‌లో లేదన్నమాట. దాన్ని దించుకున్నాకే ముందుకు వెళ్లండి.

హద్దు ఏకంగా సముద్రంలో తేలితే వేరే సంగతి. హద్దును అంకెలుగా రాసే పద్ధతులైన డబ్ల్యూకేటీలోనూ జియోజేసన్‌లోనూ ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. తిరగేస్తే లండన్ వెళ్లి సోమాలియాకు తూర్పున హిందూ మహాసముద్రంలో పడుతుంది. రేఖాంశం ముందున్న మైనస్ గుర్తు ఎగిరిపోతే బర్మింగ్‌హామ్ లోవెస్టాఫ్ట్ దాటి ఉత్తర సముద్రంలో తేలుతుంది.

ఇంకొకటి, 'సెట్ లేయర్ సీఆర్ఎస్' (సీఆర్ఎస్ అంటే అంకెలు ఏ లెక్కలో ఉన్నాయో చెప్పే చీటీ) నొక్కితే చీటీ మారుతుంది తప్ప అంకెలు మారవు. 530000, 180000 లాంటి మీటర్ల అంకెలకు డిగ్రీల చీటీ తగిలించినట్టే. మార్చాలంటే 'రీప్రొజెక్ట్' చేయాలి, లేదా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కొత్త సీఆర్ఎస్ ఎంచుకోవాలి. దశాంశాలు ఆరు చాలు, అవే పది సెంటీమీటర్ల దాకా పట్టిస్తాయి. పదిహేను పెడితే ఫైల్ లావెక్కడమే గాని హద్దు నిక్కచ్చి కాదు.

అసలు గీత ఎక్కడి నుంచి తెచ్చారో కూడా చూసుకోండి. 1:10,000 పీడీఎఫ్ మ్యాపులో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 5 మీటర్లు. దాని మీద ట్రేస్ చేస్తే ఏ సూత్రమూ కాపాడదు. గీత కంచె వెంటా, రోడ్డు మధ్యనా అని కోడ్ రాసినవాళ్లను అడిగి గీయండి. పక్కపక్క ప్రాంతాలకు స్నాపింగ్ (అంచులు అతుక్కునే ఏర్పాటు) పెట్టుకోండి. లేకుంటే మధ్యలో సన్నటి ఖాళీ మిగులుతుంది, అందులో పడిన స్థలానికి ఏ కోడూ లేనట్టు చూపిస్తుంది. చివర్లో 'ఫిక్స్ జామెట్రీస్' నడిపి, తనను తానే కోసుకునే పాలిగన్లను సరిచేసి, ఫలితాన్ని పాత మ్యాపు మీద పెట్టి కంటితో చూడండి. ఆ పరికరం ఒక్కోసారి ముక్కనే మింగేస్తుంది.

క్యూజీఐఎస్‌లో బాగానే ఉన్న సీఎస్‌వీ (టేబుల్ ఫైల్), అప్‌లోడ్ చేశాక రెండు ప్రాంతాల జామెట్రీ (హద్దు ఆకారం) తప్పంటోంది. మధ్యలో ఎక్సెల్‌లో పేరు ఒక్కటే దిద్దాం.

ఆ ఒక్కటే చేటు తెచ్చింది. ఎక్సెల్ గడిలో 32,767 అక్షరాలకు మించి పట్టవు. వంకరలెక్కువ ఉన్న హద్దు డబ్ల్యూకేటీ అంతకన్నా పొడవుంటుంది, సేవ్ చేయగానే తోక తెగుతుంది. చిన్న ప్రాంతాలకు ఏమీ కాదు కాబట్టే రెండే పోయాయి. తేదీలు కూడా చూసుకోండి: 2025-04-01 అని ఉండాల్సింది 01/04/2025 అయి ఉంటుంది. '007' అనే రిఫరెన్స్ ఉత్త 7గా మిగులుతుంది. పేర్లను క్యూజీఐఎస్ అట్రిబ్యూట్ టేబుల్‌లోనే దిద్ది, యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. జామెట్రీ 'యాజ్ డబ్ల్యూకేటీ' అని ఎంచుకోవడం మరవకండి.

ఆర్డ్నెన్స్ సర్వే మ్యాపు మీద గీసిన హద్దును అందరికీ ఉచితంగా ఇవ్వొచ్చా?

ప్రభుత్వ రంగ ఒప్పందంలో, అంటే 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పీఎస్‌జీఏలో, కౌన్సిల్ సభ్యురాలై ఉంటే దారి ఉంది. వాళ్ల గీతలను ఆధారంగా చూసి మీ హద్దు గీసుకోవడం వేరు, వాళ్ల పాలిగన్లనే యథాతథంగా కాపీ కొట్టడం వేరు. రెండోదైతే ముందే అనుమతి సంగతి తేల్చుకోవాలి. హక్కు ఖాయమయ్యాక పేజీలో ఓపెన్ గవర్నమెంట్ లైసెన్స్ 3.0 (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే అనుమతి) అని రాయాలి. హైదరాబాద్ బృందాలు కౌన్సిల్ ద్వారా కాంట్రాక్టర్ లైసెన్స్ తీసుకున్నాకే ఆ మ్యాపులు తెరవాలి.

కోడ్ సవరించారు. పాత వరుస తీసేయాలా?

తీసేయకండి. అమల్లోంచి పోయిన తేదీని ఎండ్-డేట్‌లో రాయండి, కొత్త హద్దుకు కొత్త రిఫరెన్స్‌తో కొత్త వరుస చేర్చండి. పాత నియమాల కింద అనుమతి పొందిన ఇంటి మీద రేపు తగవు వస్తే ఆ వరుసే కావాలి. అక్షర దోషం దిద్దడం లాంటివైతే రిఫరెన్స్ అదే ఉంచి ఎంట్రీ-డేట్ (వరుసను చివరిగా దిద్దిన రోజు) ఒక్కటి మార్చండి. స్టార్ట్-డేట్ జోలికి పోవద్దు, అది కోడ్ అమల్లోకి వచ్చిన రోజు.