స్థానిక చరిత్ర విభాగంలో ఉద్యోగం: స్కానింగుకు అవతల ఉన్న పని

ప్రశ్న: మా అమ్మాయి చరిత్ర ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రజా గ్రంథాలయంలోని స్థానిక చరిత్ర విభాగంలో పనిచేయాలని పట్టుదలగా ఉంది. పాత కాగితాలను, ఫొటోలను స్కాన్ చేసి దాచిపెట్టడం తప్ప ఆ ఉద్యోగంలో నేర్చుకోవడానికి, ఎదగడానికి ఏముందో మాకు అర్థం కావడం లేదు. ఆమెను ఆ దారిలో పంపవచ్చా? ఏం చదివించాలి?

జవాబు: మీరు అనుకుంటున్న స్కానింగు ఆ ఉద్యోగంలో చాలా చిన్న భాగం. యంత్రాన్ని నడపడం ఎవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకుంటారు. ఫొటోలో ఉన్నవారెవరు, దాన్ని ఏ సందర్భంలో ఎవరు తీశారు, అది ఏ కుటుంబం దగ్గర ఏయే కాగితాలతో కలిసి ఉండేది అన్న వివరాలను, అవి తెలిసినవారు జీవించి ఉండగానే సేకరించి, రెండు తరాల తర్వాత వచ్చే పాఠకుడికి సైతం దొరికేలా రాసిపెట్టడం అసలు పని. ఆ వివరాలు లేకపోతే ఎంత స్పష్టమైన ప్రతి అయినా చరిత్రకు ఆధారంగా నిలబడదు.

ఇందుకు పుస్తకాల వర్గీకరణ ఒక్కటి తెలిస్తే సరిపోదు. పుస్తకాలను విషయాన్ని బట్టి అమర్చుతారు. కానీ ఒక కార్మిక సంఘమో, పాఠశాలో గ్రంథాలయానికి అప్పగించిన మినిట్స్ పుస్తకాలు, పద్దులు, ఉత్తరాలు విషయాలవారీగా చెదిరిపోకూడదు. అవి ఆ సంస్థ పేరు కిందనే, వీలైనంతవరకు ఆ సంస్థ వాటిని ఉంచుకున్న క్రమంలోనే ఉండాలి. డచ్ ఆర్కైవిస్టులు (పాత పత్రాలను భద్రపరిచే నిపుణులు) ముల్లర్, ఫైత్, ఫ్రూయిన్ 1898లో ప్రచురించిన మార్గదర్శక గ్రంథం స్థిరపరిచిన ఈ సూత్రం నేటికీ ఆర్కైవ్స్ శిక్షణకు పునాది. ఒక ఉత్తరాన్ని దాని జవాబు నుంచి, ఆ జవాబును దాని ఫలితంగా జరిగిన తీర్మానం నుంచి విడదీస్తే కాగితాలు మూడూ మిగులుతాయి గానీ, ఆ నిర్ణయం ఎందుకు జరిగిందన్న సంగతి పోతుంది. అలాంటి సేకరణలను వర్ణించడానికి అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి రూపొందించిన ఐసాడ్ ప్రమాణాన్ని, డిజిటల్ ప్రతుల వివరాలను నమోదు చేయడానికి 15 మూలాంశాలున్న డబ్లిన్ కోర్ ప్రమాణాన్ని మీ అమ్మాయి ఇప్పటినుంచే చదవడం మొదలుపెట్టవచ్చు.

నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నింటికంటే కష్టమైనది, విలువైనది కూడా మౌఖిక చరిత్ర, అంటే మనుషుల జ్ఞాపకాలను వారి మాటల్లోనే సేకరించడం. చరిత్రకారుడు అలన్ నెవిన్స్ 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన కృషితో ఇది ఒక వ్యవస్థిత రూపం పొందింది. పెద్దవారి ముందు రికార్డరు పెట్టి మాట్లాడించడమే మౌఖిక చరిత్ర అని చాలామంది భావిస్తారు. నిజానికి సంభాషణకు ముందు ఆ కాలం గురించి చదవాలి, అవును కాదు అన్న జవాబుతో ముగిసిపోని ప్రశ్నలు తయారుచేసుకోవాలి, ఎదుటివారు మాట మధ్యలో ఆగినప్పుడు తొందరపడి అందుకోకుండా వేచి ఉండాలి. రికార్డింగును ఎవరు వినవచ్చు, ఏ భాగాన్ని ఎంతకాలం బయటపెట్టకూడదు అన్న విషయాలను ముందే వివరించి, లిఖితపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. ఆ తర్వాత ఏ నిమిషంలో ఏ అంశం వచ్చిందో సూచిక తయారుచేయాలి. చెప్పినవారు తమతోపాటు ఇరుగుపొరుగువారి కష్టాలను, తగాదాలను కూడా చెబుతారు కాబట్టి, జీవించి ఉన్న ఇతరుల గోప్యతను కాపాడవలసిన బాధ్యత గ్రంథాలయానిదే. ఫొటోల విషయంలోనూ ఇంతటి జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఫొటో ఎవరి దగ్గర ఉందో వారికే దాని కాపీరైట్ ఉంటుందన్న నియమం లేదు.

ఎదగడానికి ఏముందని మీరు అడిగారు. 2022లో సవరించిన ఇఫ్లా (అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య), యునెస్కో ప్రజా గ్రంథాలయ మేనిఫెస్టో స్థానిక జ్ఞానాన్ని, వారసత్వాన్ని భద్రపరచడంతోపాటు, ఏది భద్రపరచాలో నిర్ణయించడంలో ఆ సమాజానికే చురుకైన పాత్ర ఉండాలని చెబుతోంది. అంటే ఈ విభాగంలో ఉన్నవారు ప్రజల మధ్యకు వెళ్లి కార్యక్రమాలు రూపొందించగలగాలి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బోస్టన్ శాఖ 2004 నుంచి నడుపుతున్న కార్యక్రమం ఇందుకు మంచి ఉదాహరణ. ప్రజలు తమ ఫొటోలు తెచ్చి వాటి కథను స్వయంగా చెబుతారు, నిర్వాహకులు డిజిటల్ ప్రతి తీసుకుని అసలును వారికే తిరిగి ఇస్తారు. అలాంటి కార్యక్రమానికి ప్రతిపాదన రాయడం, నిధులు సంపాదించడం, స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం, ఇంతవరకు సేకరణల్లో చోటు దొరకని వర్గాల నమ్మకం పొందడం, ఇవన్నీ వచ్చినవారే విభాగానికి నాయకత్వం వహిస్తారు.

చదువు విషయానికి వస్తే, గ్రంథాలయ సమాచార శాస్త్రంలో డిగ్రీ చేయించండి, అందులో ఆర్కైవ్స్ నిర్వహణ, డిజిటల్ పరిరక్షణ ఐచ్ఛికాంశాలుగా ఉన్న సంస్థను ఎంచుకోండి. పాత చేతిరాతలు చదవడం విడిగా నేర్చుకోవాలి. అయితే స్థానిక చరిత్ర పేరుతో ఉండే ఉద్యోగాలు తక్కువ, వాటిలోనూ ప్రాజెక్టు నిధులపై ఆధారపడిన తాత్కాలిక నియామకాలు ఉంటాయి. అందువల్ల ఆమె ఆ ఒక్క హోదా కోసమే వేచి ఉండకూడదు. ఇవే నైపుణ్యాలను మ్యూజియాలు, విశ్వవిద్యాలయాల ప్రత్యేక సేకరణలు, పత్రికల ఆర్కైవ్స్ కూడా కోరుకుంటాయి.

ప్రవేశానికి దరఖాస్తు చేసేలోగా ఆమెను ఒక చిన్న సేకరణ సొంతంగా తయారుచేయమనండి. తెలిసిన ఒక పెద్దవారితో గంటసేపు సంభాషణ రికార్డు చేసి, ధ్వని నాణ్యత తగ్గకుండా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైలుగా భద్రపరచాలి. వారి దగ్గరున్న కొన్ని ఫొటోలను టిఫ్ (TIFF) అనే ఫైలు రూపంలో స్కాన్ చేయాలి. సమ్మతి పత్రం, సూచిక, ప్రతి ఫొటోకూ వివరణ రాయాలి. అన్నింటికీ మూడు ప్రతులు చేసి, వాటిలో ఒకటి వేరే చోట ఉంచాలి. కథలు వినడం ఆనందంగా ఉండి, వివరణలు రాయడం మాత్రం భారంగా అనిపిస్తే ఆమెకు పరిశోధనో బోధనో ఎక్కువ నప్పుతుంది. ఒక పేరు సరిచూసుకోవడానికి ఆమె మళ్లీ ఆ పెద్దవారి దగ్గరకు తనంతట తానే వెళితే, నిశ్చింతగా ఈ కోర్సులో చేర్పించండి. ఆ సేకరణ వివరణ పత్రాన్ని దరఖాస్తుకు జతచేయమని చెప్పండి.