నడిస్తే పిక్క పట్టేస్తోంది... నరాల బలహీనతేనా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, సిగరెట్ అలవాటు కూడా ఉంది. కొన్ని నెలలుగా 200 మీటర్లు నడిచేసరికి కుడి పిక్క పట్టేస్తోంది. రెండు నిమిషాలు ఆగితే తగ్గుతుంది, నడక మొదలుపెడితే మళ్లీ వస్తుంది. నరాల బలహీనతని బి12 మాత్రలు ఇచ్చారు, గుణం కనిపించలేదు. రక్తనాళాల జబ్బు కావచ్చా? - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కావచ్చు. మీరు రాసిన లక్షణాలను బట్టి ముందుగా అనుమానించవలసింది కాలికి మంచి రక్తాన్ని తీసుకువెళ్లే ధమనుల్లో కొవ్వు పేరుకొని దారి సన్నబడటాన్నే. విశ్రాంతిగా ఉన్నప్పుడు పిక్క కండరానికి ఆ కొద్దిపాటి రక్తం సరిపోతుంది గానీ, నడకలో దాని అవసరం ఎన్నో రెట్లు పెరగడంతో చాలక నొప్పి పుడుతుంది. అందుకే దాదాపు అంతే దూరంలో మొదలై, ఊరికే నిలబడినా తగ్గిపోతుంది. ఈ చివరి సంగతి ముఖ్యం. వెన్నెముకలో నరాల దారి ఇరుకైనా నడిచేటప్పుడు కాళ్లు లాగుతాయి, అయితే వారికి నిలబడితే ఉపశమనం దొరకదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి.

షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే సాధారణంగా రెండు పాదాల్లోనూ మంటలు, తిమ్మిర్లు ఉంటాయి, రాత్రిళ్లు ఎక్కువవుతాయి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గే మాట నిజమే కనుక ఆ మాత్రలను తప్పుపట్టను, కానీ అవి మూసుకుపోతున్న ధమనిని తెరవలేవు. కాలి సిరలు ఉబ్బే వేరికోస్ వెయిన్స్‌లో సాయంత్రానికి కాళ్లు బరువెక్కి, చీలమండల దగ్గర వాపు వచ్చి, కాళ్లు ఎత్తి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతో సుదీర్ఘ ప్రయాణం తర్వాతో అయితే, లోపలి సిరలో గడ్డకట్టిన రక్తాన్ని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు వాస్క్యులర్ సర్జన్‌ను, అంటే రక్తనాళాల శస్త్రవైద్యుణ్ని కలవండి. పాదంలో నాడి చూసి, చీలమండ దగ్గర రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే తేలికైన పరీక్ష చేస్తారు. ఆ నిష్పత్తి 0.9 లేదా అంతకన్నా తక్కువైతే ధమని జబ్బు ఉన్నట్టే. షుగర్ ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ అంకె తప్పుగా ఎక్కువ చూపవచ్చు కాబట్టి అవసరాన్ని బట్టి బొటనవేలి రక్తపోటు, రక్తప్రవాహాన్ని చూపే కలర్ డాప్లర్ స్కాన్ కూడా చూస్తారు. అంతవరకూ, పక్కింటివారికి పనిచేశాయని బిగుతైన మేజోళ్లు కొని వేసుకోకండి, రక్తం అందని కాలికి అవి హాని చేస్తాయి. వేడినీళ్ల కాపడం కూడా వద్దు, స్పర్శ తగ్గిన పాదం కాలినా మీకు తెలియదు.

సిగరెట్ పూర్తిగా మానాలి. తగ్గించాను అంటే చాలదు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్‌లో ఒకటి, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ ఇస్తారు; కాలి ధమనుల్లో ఉన్న జబ్బు గుండె ధమనుల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ కనుక ఈ మందులు గుండెకు కూడా కాపుదలే, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకూడదు. నొప్పి వస్తోందని నడక మానేసేవారే ఎక్కువ, నిజానికి చికిత్సలో నడక ఒక భాగం. గుండె పరీక్ష అయ్యి, పాదాల్లో పుండ్లు లేవని తేలాక, నొప్పి కాస్త గట్టిగా పట్టేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడుస్తూ, రోజుకు 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, 12 వారాలు పట్టుదలగా చేస్తే నొప్పి లేకుండా నడవగల దూరం చాలామందిలో పెరుగుతుంది. స్టెంట్, బైపాస్ వంటివి మీలాంటివారికి మొదటే అవసరం పడవు.

అయితే పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పుట్టి, కాలు మంచం కిందికి వేలాడేస్తే గానీ నిద్రపట్టకపోయినా, వేలు నల్లబడినా, పుండు మానకపోయినా వెంటనే చూపించుకోవాలి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే మర్నాటి దాకా ఆగకుండా వాస్క్యులర్ సర్జన్ అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా వెళ్లండి, ఆ స్థితిలో కాలిని కాపాడుకోవడానికి ఉండే వ్యవధి కొన్ని గంటలే.